పైపెదవి దారం

ఫిబ్రవరి 23, ఆదివారం

అమ్మ ఈ రోజు మైనం అడిగింది.

పోయిన వానాకాలం నుంచి ముట్టలేదు. అప్పుడు చేసిన జింకకు మూడు చెవులు పెట్టింది. కంట్లో పొర ముదిరి, ఒకసారి పెట్టిన చెవి కనపడక పక్కనే ఇంకోటి పెట్టింది. నేను చూసి నవ్వాను. "మా, దీనికి బాగా వినపడతాదిలే" అన్నాను కూడా. అమ్మ కూడా నవ్వింది. నవ్వి, మైనం కుండకు మూత పెట్టింది, మళ్ళీ తియ్యలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఎర్రగుంట్ల అత్తగారు అనేది. ఆ కాపురంలో నేను విన్న మాటల్లో నిజం అదొక్కటే అనుకుంటాను.

ఏమైతేనేం, అడిగింది. గుగ్గిలం దంచి, నూనె వేసి, మైనం కరిగించి ఇచ్చాను. ఇల్లంతా ఆ వాసన. ఇన్ని నెలలుగా ఇంట్లో ఏం తక్కువైందో ఇప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 26, బుధవారం

పుట్టమన్నులో ఊక కలిపి పిసికి, లోపలి ముద్ద చేసి ఎండబెట్టింది. జానెడు ఉంటుంది. కూర్చున్న పిల్లవాడు. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, తల కొంచెం పక్కకు వాల్చి.

ఈ రోజు దారాలు తీసింది. మురుకుల గొట్టం లాంటి దాంట్లో మైనం వేసి వత్తితే సన్నటి దారాలు దిగుతాయి. వాటిని ఆ మట్టి పిల్లవాడి ఒంటి చుట్టూ వరసగా చుట్టుకుంటూ పోవాలి. చెయ్యి, కాలు, వీపు, జుట్టు అన్నీ దారమే. నేను పక్కన కూర్చుని చూశాను. కండ్లు గోడ వైపు, వేళ్ళు పని వైపు. అరవై ఏండ్లుగా చేస్తున్న చేతులు. ఆదిలాబాద్ అడవిలో ఇత్తడి బొమ్మలు పోసే ఓజా వాళ్ళ ఇంట జంగుబాయిగా పుట్టినప్పటి చేతులు. రైలు పట్టాల పనికి అటువైపు పోయిన మా నాయన ఆమెను పెళ్ళి చేసుకుని ఈ రాళ్ళ నేలకు తెచ్చి విశ్వాసమ్మ అని పేరు పెట్టించాడు. వేంపల్లె చుట్టుపక్కల ఇట్లా ఇత్తడి పోసేది మేమిద్దరమే. మైనం ఆమెది, మంట నాది.

ఎవరు మా ఈ పిల్లోడు అని అడిగాను. పోత పడనీ చెప్తా అంది.

వాళ్ళ పుట్టింటి పద్ధతి అది. ఇత్తడి లోపలికి దిగేదాకా బొమ్మ పేరు బయటికి చెప్పకూడదు. చెబితే మంట వింటుందట. పాస్టరయ్య ఒకసారి ఇంటి ప్రార్థనలో దీని గురించే గంటసేపు వాక్యం చెప్పాడు. అమ్మ ప్రతి మాటకూ ఆమెన్ అంది, మర్నాడు చేసిన గుర్రానికి పేరు అడిగితే మాత్రం చెప్పలేదు.

గుడికి ఇవ్వడానికి బైబిల్లోని బాల సమూయేలును చేస్తున్నట్టుంది. ఈస్టరుకు ఇస్తుందేమో.

మార్చి 2, ఆదివారం

అమ్మను తమ్ముడు బండి మీద గుడికి తీసుకుపోయాడు. నాకు తలనొప్పి. అబద్ధం, తలనొప్పి లేదు, పనుంది. అమ్మ నిన్న సాయంత్రానికి మైనం పని ముగించి, ఇంక నీదే అని నా చేతికిచ్చింది. ఎండలు ముదరకముందే మెత్తమన్ను పూత వేయాలి.

బాగా వచ్చాడు పిల్లవాడు. చాలా రోజుల తర్వాత అమ్మ చెయ్యి పాత చెయ్యిలా ఉంది. పైపెదవి దారం ఒక్కటే తెగి ఉంది. పాపం, కనపడలేదు. కత్తి మొన కాల్చి రెండు కొసలూ కలిపి అతికించాను, వేలితో నున్నగా దిద్దాను. చెవి దగ్గర ఒక దారం లేచి ఉంటే అదీ అణిచాను. ఈసారి నవ్వలేదు. అమ్మకు చెప్పను కూడా. చెప్పి మళ్ళీ కుండకు మూత పెట్టించుకోవడం ఎందుకు.

పూత వేశాను. నీడలో ఆరుతోంది.

మార్చి 5, బుధవారం

రెండో పూత. ఈస్టరు ముందటి శ్రమ దినాలు మొదలు, సాయంత్రం గుడికి పోవాలి.

మార్చి 8, శనివారం

పోత పోశాను.

పొద్దున్నే కొలిమి రాజేశాను. పాత కుళాయిలు, పగిలిన చెంబులు, ఒక గంట ముక్క, అన్నీ మూసలో వేసి పైన మూత పెట్టాను. మరోపక్క మట్టి పూతల అచ్చు కాలుతోంది. లోపలి మైనం కరిగి, అడుగున వదిలిన దారిలోంచి బొట్టు బొట్టుగా కారి, మంటలో పడి అంటుకుంది. ఆ పొగ పచ్చగా లేచినప్పుడు అమ్మ ఎప్పుడూ తల మీద కొంగు వేసుకుంటుంది. ఈ రోజూ వేసుకుంది. ఇంతసేపు మైనంలో ఉన్నది ఇప్పుడు ఎక్కడా ఉండదు. లోపల ఖాళీ మాత్రం దాని ఆకారంలో మిగులుతుంది. ఆ ఖాళీలోకి ఇత్తడి పోయాలి. పది మాటలు చెప్పే నేను ఆ కాసేపు మాత్రం నోరు మెదపను.

ఒక్క ఊపులో పోశాను. చెయ్యి వణకలేదు. అచ్చు పేలలేదు, బుడగలు రాలేదు, నోటి దాకా నిండి నిలబడింది. అమ్మ చెవి పెట్టి వింది. పోత మంచిదైతే సద్దు చేయదు. "పడిండాది" అంది.

నా జన్మలో పోసిన మంచి పోతల్లో ఇదొకటి. గర్వంగా ఉంది, రాసుకుంటే తప్పేముంది.

మార్చి 9, ఆదివారం

అమ్మ చెప్పింది. నేను రాయలేను.

మార్చి 10, సోమవారం

రాస్తాను.

నిన్న గుడి నుంచి వచ్చాక టీ పెట్టి ఇచ్చాను. అమ్మ వరండాలో అచ్చు పక్కనే కూర్చుని, ఇంకా వెచ్చగానే ఉన్న దాని మీద చెయ్యి వేసి, ఇప్పుడు చెప్తా విను అంది. నేను సమూయేలే గదా అన్నాను. కాదు, నెహెమ్యా అంది. మీ అన్న.

నాకు ముందు ఒకడు పుట్టి పోయాడని తెలుసు. జ్వరంతో పోయాడని తెలుసు. ఫొటో లేదు. ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్ళు కాదు. అంతకుమించి నాకు తెలియదు, నేను అడగనూ లేదు.

వాడు మొర్రితో పుట్టాడట. పైపెదవి చీలి, లోపలి చిగురు కనపడేదట. అమ్మ కడుపుతో ఉండగా గ్రహణం రోజు కొలిమి దగ్గర కూర్చుందని, అడవి మనిషికి ఏం తెలుస్తుందని మా నాయనమ్మ ఊరంతా చెప్పింది. యేసును నమ్ముకున్న ఇల్లే, గ్రహణాన్ని మాత్రం వదల్లేదు. ఎవరైనా ఇంటికి వస్తే పిల్లవాణ్ణి లోపలికి పంపేవాళ్ళు. క్రిస్మస్ కు గుడి దగ్గర అందరికీ ఫొటో తీస్తే, నాయన వాడి మొహాన్ని తన రొమ్ములోకి తిప్పుకున్నాడు. అందుకే ఫొటో లేదు.

"అమ్మా అనేకి రాదు వానికి. పెదాలు కలవాల గదా. అన్నా అన్నా అని పిల్చేవాడు నన్ను" అంది. చెబుతూ నవ్వింది. నేను ఎప్పుడూ చూడని నవ్వు.

నాలుగేండ్లప్పుడు నాయన ఎక్కడో పెద్ద ఆసుపత్రిలో పెదవి కుడతారని విని వాణ్ణి రైలెక్కించుకుని పోయాడు. అమ్మ వద్దంది. తింటున్నాడు, పాడుతున్నాడు, వానికేం తక్కువ అంది. ఎవరూ వినలేదు. కుట్లు బాగానే పడ్డాయట. తర్వాత జ్వరం తగులుకుంది. అక్కడే మట్టి చేసి నాయన ఒక్కడే తిరిగి వచ్చాడు. మొహం శానా బాగుండె అని చెప్పి ఏడ్చాడట. అమ్మ ఆ మొహం చూడలేదు. ఆమెకు తెలిసిన మొహం చీలిన పెదవిదే.

ఇన్నేండ్లూ చేద్దామనుకుని చేతులు రాలేదట. ఇప్పుడు కండ్లు పోతున్నాయి, కండ్లతో పాటు వాడూ పోతాడేమోనని భయమేసిందట.

"ఒళ్ళంతా ఒక పొద్దులో అయిపాయ. పెదివి కాడ మాత్రం కుదర్లే. దారం తుంచేది, చూసుకొనేది, కాదని పారేసేది. ఆకిరికి ఒక మాటు వేలికి వచ్చేసె మే. వాడే. నా వేలి కింద వాడే ఉండాడు."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. అది కింద పెట్టాలని కూడా తోచలేదు.

ఇప్పుడే పగలగొట్టను అంది. కడపలో కంటి ఆపరేషన్ ఈ నెలాఖరుకు రాసిచ్చారు గదా, పొర తీసినాక, కండ్లతో చూస్తూ నా చేతులతోనే పగలగొడతా అంది. చేత్తో తాకి చూసింది చాలు, ఇంక కండ్లారా చూడాల అంది.

సరే మా అన్నాను. అదొక్కటే అన్నాను.

మార్చి 13, గురువారం

అతికించింది గట్టిగా అతికించానా? గుర్తు తెచ్చుకుంటున్నాను. మైనం అతుకులు ఒక్కోసారి మట్టి పూత బరువుకు విడిపోతాయి. విడిపోయి ఉండొచ్చు.

విడిపోదు. నేను అతికించింది ఎప్పుడూ విడిపోలేదు.

దారం తెగితే పోతలో అక్కడ ఇత్తడి అందదు, బొమ్మ చెడుతుంది. చిన్నప్పటి నుంచి అమ్మ నేర్పిందే. తెగిన దారం కనపడితే అతికించకుండా వదిలే చెయ్యి కాదు నాది. ఆమే అట్లా తయారు చేసింది. అంటే తప్పు ఆమెదనా? ఏం రాస్తున్నాను నేను.

పేరు ముందే చెప్పి ఉంటే ఏమయ్యేది. మంట వింటే వినేది. నేనూ వినేదాన్ని గదా.

మార్చి 16, ఆదివారం

గుడిలో మోకాళ్ళ మీద ఉండి, నా పోత చెడిపోయి ఉండాలని ప్రార్థన చేశాను. మొహం దగ్గర బుడగ పడాలి, ముక్కు దాకా తూట్లు పడాలి, ఏదీ గుర్తుపట్టడానికి లేకుండా పోవాలి అని. చెడిన పోతకు ఎవరినీ అనేది లేదు. మంట ఎత్తుకుపోయింది అంటుంది అమ్మ, మళ్ళీ మైనం అడుగుతుంది.

పోత చెడాలని దేవుణ్ణి అడిగిన పోతగత్తె నేనొక్కతెనే అయి ఉంటాను. ఆ రోజు చెయ్యి ఒక్కసారి వణికి ఉంటే ఎంత బాగుండేది.

మార్చి 19, బుధవారం

తమ్ముడు అరుణ్ వచ్చాడు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ దించి, ఒళ్ళంతా తెల్లగా, దయ్యంలా వచ్చాడు. అమ్మ పడుకుని ఉంటే బావి దగ్గరికి తీసుకుపోయి మొత్తం చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి.

వాడికీ అన్న సంగతి తెలియదు. బావి గట్టు మీద కూర్చుని మొత్తం విన్నాడు. తర్వాత వాడి పద్ధతిలో వాడు, బండికి టైరు మార్చడం చెప్పినట్టు చెప్పాడు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అచ్చు పగలగొట్టు, ఆకురాయితో పెదవి మీద ఒక గాడి కొయ్యి, మళ్ళీ మట్టి మెత్తి పెట్టు. అరగంట పని.

"నిజం చెప్పి ఆయమ్మను ఏడిపిచ్చేదానికంటే ఇదే మేలు గదక్కా" అన్నాడు.

మేలే అనిపించింది. ఈ రోజు అన్నం తిన్నాను.

మార్చి 20, గురువారం

మూడు చెవులతోనే పోసిన ఇత్తడి జింక మూతి మీద కోసి చూశాను.

కోసినట్టు ఉంది. మొర్రి కోసినట్టు ఉండదు. పుట్టుకతో వచ్చిన చీలిక అంచులు మెత్తగా లోపలికి తిరిగి ఉంటాయి. ఇది కత్తిగాటు. ఇంకోసారి, అడ్డంగా, సన్న ఆకురాయితో చేశాను. జింకకు ఎవరో మూతి పగలగొట్టినట్టు అయింది.

పైగా పచ్చిమట్టి మెత్తితే మొదటి దెబ్బకే అమ్మకు తెలుస్తుంది. కాలిన మట్టి పెళ్ళుగా ఊడుతుంది, పచ్చిది పొడిగా రాలుతుంది. కండ్లు లేకున్నా చెవి చాలు ఆమెకు. అరుణ్ కు ఇవి తెలియవు. నాకు తెలుసు, అయినా నిన్న అన్నం తిన్నాను.

చెప్పేస్తాను. బస్సులో చెబుతాను. కడప దాకా బోలెడంత సమయం.

మార్చి 24, సోమవారం

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అమ్మ కొంగులో పొట్లం కట్టుకున్న వేరుశెనగలు ఒక్కొక్కటే నాకు ఒలిచి పెడుతోంది. నన్ను ఆపరేషన్ కు తీసుకుపోతున్నట్టు.

మా, ఆ బొమ్మ పెదవి, అని మొదలుపెట్టాను.

"ఏంటికి, పోత అందలేదని బయమా? నీ పోత యెప్పుడు చెడింది మే" అని నా తొడ మీద తట్టింది.

కండక్టరు వచ్చాడు. ఆయన పోయాక మళ్ళీ మొదలుపెట్టలేదు. రేపు కన్ను కోయించుకునే మనిషిని ఈ రోజు ఏడిపించకూడదని అనుకున్నాను. ఇది సాకు కాదు, కండ్లు ఎర్రబడితే డాక్టరు ఆపరేషన్ వాయిదా వేస్తాడు. ఆయనే చెప్పాడు.

మార్చి 26, బుధవారం

కట్టు విప్పారు. అమ్మ ముందు కిటికీ చూసింది, తర్వాత నర్సును చూసింది, తర్వాత నన్ను చూసింది. నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇంత ముసల్దానివి అయిపోతివేమే" అంది.

వార్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాత్రూముకు పోయి ఏడ్చాను.

ఏప్రిల్ 2, బుధవారం

దుమ్ము తగలకూడదు, వంగకూడదు, బరువు ఎత్తకూడదు అని డాక్టరు చెప్పాడు. అచ్చు పగలగొడితే దుమ్ము లేస్తుంది. అమ్మ రోజూ అడుగుతుంది, నేను రోజూ డాక్టరును అడ్డం పెడుతున్నాను. ఆయన మాట మీద నాకు ఇంత గురి ఎప్పుడు కుదిరిందో.

ఈ లోపల చెప్పొచ్చు. ఈ రోజు మధ్యాహ్నం మంచి అదను. ఇద్దరమే ఉన్నాం, నేను మామిడికాయ ముక్కలు దంచుతుంటే ఆమె పక్కనే కూర్చుంది. పచ్చడిలో ఉప్పు సరిపోయిందా లేదా అని మాట్లాడుకున్నాం.

ఏప్రిల్ 6, ఆదివారం

చెప్పలేదు.

ఏప్రిల్ 12, శనివారం

వేంపల్లె సంతకు పోయి వచ్చేసరికి అమ్మ వరండాలో నల్లద్దాలు పెట్టుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, బందిపోటు దొంగలా కూర్చుని ఉంది. అచ్చు ఒళ్ళో, చేతిలో గుండ్రాయి.

"నీకోసరమే కాసుకోనుండా. రా, కూర్చో" అంది.

సంచి కింద పెట్టాను. అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచి, కంట్లో దుమ్ము పడతాది మా అన్నాను. పడదులే అంది.

పెళ్ళుపెళ్ళుగా ఊడింది. కాళ్ళు, మోకాళ్ళు, చేతులు. దారాలన్నీ వరసగా, ఒక్కటీ చెదరకుండా. ఇంత మంచి పోత నేను పోయలేదు. అమ్మ మొహం దగ్గరికి వచ్చేసరికి రాయి పక్కన పెట్టి, గోటితో కొంచెం కొంచెం మట్టి తీసింది. చింతపండు నీళ్ళు తెమ్మంది. తెచ్చాను. కడిగి, కొంగుతో తుడిచి, నల్లద్దాలు తీసి, వెలుగులోకి ఎత్తి పట్టుకుంది.

చాలాసేపు చూసింది. బొటనవేలు పెదవి మీద పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"వీడెవురు?" అంది.

చెప్పాను. ఇన్ని రోజులు నోటికి రానిది మూడు మాటల్లో అయిపోయింది. దారం తెగిందనుకున్నా, అతికించినా.

అమ్మ తల ఊపింది. నా వైపు తిరగలేదు. "కండ్లు కనపడవు గదా, పొరపాటు చేసిండాదిలే అనుకొంటివి" అంది. అడిగినట్టు కాదు, నాకు సర్దిచెబుతున్నట్టు అంది. ఎప్పుడు తెలిసింది నీకు అని అడగలేదు. అడిగి ఉంటే ఇన్నాళ్ళూ దాచానని చెప్పాల్సి వచ్చేది. అడగకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

తిట్టలేదు. తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. బొమ్మను అట్లాగే పట్టుకుని, ఇంకా చూస్తూ, తనలో తాను అన్నట్టు అంది.

"మీ నాయన చెప్పింది నిజమే. కుట్టినాక శానా బాగుండాడు."

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

అమ్మ గుడికి రాలేదు. ఒళ్ళు బాగలేదని చెప్పమంది, పాస్టరయ్యకు అదే చెప్పాను. బొమ్మ కిటికీలో ఉంది. నేను ఆ గదిలోకి పోలేదు.

ఏప్రిల్ 20, ఈస్టరు

అందరూ వచ్చి చూశారు. ఎంత ముద్దుగా ఉన్నాడు పిల్లోడు, ఎవరు విశ్వాసమ్మా అన్నారు. నా కొడుకు అంది. మొదటిసారి నలుగురిలో అంది. వాళ్ళకు చూపించాలనుకున్న మొహం మాత్రం ఇది కాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. రోజంతా ఆమె వెనకాలే తిరిగాను. కాళ్ళు పిసికాను, తల దువ్వాను. పో మే, ఊరికే తగులుకుంటాండావు అంది.

ఏప్రిల్ 24, గురువారం

మైనం అడిగింది.

ప్రాణం లేచి వచ్చింది. గుగ్గిలం దంచేటప్పుడు పాట కూడా పాడుకున్నాను, సిగ్గు లేకుండా. ఇప్పుడు కండ్లు కూడా ఉన్నాయి. ఈసారి ఇంకా బాగా వస్తుంది. తలకాయ ఒక్కటే చేస్తానంది. చెయ్యి మా, ఎన్ని రోజులైనా చెయ్యి, ఈసారి నీ కొనగోటి గీత కూడా కదిలించను అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

తుంచుతోంది, చూస్తోంది, పారేస్తోంది. ఈ రోజు కూడా. దారాల తుంపులు ఆమె చుట్టూ చీమల్లా పడి ఉన్నాయి. ఏరి కుండలో వేశాను.

కుదురుతుంది. అప్పుడూ ఇట్లాగే పారేసిందట గదా. కుదురుతుంది.

ఏప్రిల్ 29, మంగళవారం

ఈ మధ్యాహ్నం నన్ను పిలిచింది. పక్కన కూర్చోమని, మైనం తలను నా అరచేతిలో పెట్టింది. పైపెదవి దగ్గర దారం విడిగా, ఇంకా అతకకుండా ఉంది.

"నువ్వు చూస్తివి గదా మే" అంది. "అతికిచ్చేముందు దగ్గరగా చూసింటావు గదా. ఎంత ఎడం ఉండె? కొస లోపలికి తిరిగిండెనా, పైకి లేసిండెనా? నువ్వు చెప్తాంటే చేస్తా."

ఆశగా చూస్తోంది. కొత్త కన్ను ఎంత తేటగా ఉందో.

చెప్పడానికి ప్రయత్నించాను. దేవుడి సాక్షిగా ప్రయత్నించాను. కత్తి మొన ఎర్రగా కాలడం గుర్తుంది. వేలికి అంటిన మైనం వేడి గుర్తుంది. చీలిక ఎడమా కుడా అంటే అది అమ్మకే తెలుసు, దానికి నేను అక్కర్లేదు. ఆమె అడిగేది ఆ కొసల సంగతి. అవి ఎట్లా ఉండెనో నాకు ఒక్క గింజంత కూడా గుర్తు లేదు. ఏదో ఒకటి చెబుదామా అనుకున్నాను. పైకి లేచింది మా అంటే పైకి లేపుతుంది, నమ్ముతుంది, నేను పోస్తాను, అదే వాడైపోతాడు. నాలుక చివరి దాకా వచ్చింది.

"చూడలేదు మా" అన్నాను. "తెగిన దారమే చూసినా. వాణ్ణి చూడలేదు."

ఈసారి ఆలస్యం చేయకుండా నిజం చెప్పాను. దాని వల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

అమ్మ మైనం తలను నా చేతిలోంచి తీసుకుంది. కాసేపు పట్టుకుని, ముద్దగా నలిపి, కుండలో వేసింది. మూత పెట్టమంది. పెట్టాను. తర్వాత అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, కండ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. నిద్రపోయిందేమోనని లేవబోయాను.

"కండ్లు లేనప్పుడు, మూసినా తెరిసినా వాడే కనపడతాండె" అంది. "ఇప్పుడు మూస్తే గూడా వీడే కనపడతాండాడు మే."